జెండా పాట 14,200, నా మిర్చికి 11,600: తేడా ఎక్కడ పోయింది?

తోటబాట
మొన్న 38 బస్తాల తేజ మిర్చి మార్కెట్‌కు తోలిన. ఏ మార్కెట్ అనేది ఇక్కడొద్దు. ఇంటికాడ కాంటా పెడితే 15 క్వింటాళ్ల 60 కిలోలు. ఆ రోజు జెండా పాట క్వింటాలుకు 14,200. నాకు రాసింది 11,600. సరే అనుకుంటే చేతికి వచ్చింది 1,65,173. మధ్యలో ఏమైందో తెలిసినోళ్లు విడమరిచి చెప్పండి. అసలు పేపర్లో వేసే రేటు ఎవరికి ఇస్తరు?

ఘాటుమాట
పేపరోళ్లకి.

కల్లంకాపలా
జెండా పాట అంటే అందరి రేటు కాదు తమ్ముడూ. ఖమ్మంలోనైనా, వరంగల్ ఏనుమాములలోనైనా ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన లాట్ చూసి, దాని దగ్గర జెండా పెట్టి పాట పాడతారు. ఆ లాట్‌కు పలికింది ఆ రోజు గరిష్ఠం. జెండా కదిలాక ఖరీదుదార్లు మిగతా రాశులు తిరుగుతూ, కాయను బట్టి ఒక్కోదానికి వెయ్యి, రెండు వేలు, మూడు వేలు కిందికి వేస్తూ పోతారు. వేల బస్తాలు వచ్చిన రోజు జెండా రేటు పడేది పది, ఇరవై బస్తాలకే కావచ్చు.

అందుకే పేపర్ హెడ్డింగ్ చూసి బండి కట్టొద్దు. ఆగ్‌మార్క్‌నెట్‌లో (మార్కెట్ ధరలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్) ఏ రోజుకైనా కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలు ఉంటాయి. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో చెప్పేది మోడల్. నీ 11,600ను పోల్చాల్సింది దానితో, జెండాతో కాదు.

లాంపక్కన
మా గుంటూరు యార్డులో జెండా గోల లేదు. కమీషన్ కొట్టు ముందు సరుకు దించుతాం, కొనేవాళ్లు వచ్చి టిక్కీ కోసి కాయ చూసి రేటు చెప్తారు. (టిక్కీ అంటే బస్తాయే, ఖమ్మం వాళ్లు కంగారు పడకండి.) కానీ తేడా మాత్రం ఇక్కడా అంతే. ఒకే రోజు ఒకే కొట్టులో తేజకు మూడు వేల తేడా మామూలే.

బిల్లుందా
రేటు సంగతి తర్వాత. ముందు తక్‌పట్టీలో (సరుకు అమ్మినందుకు ఇచ్చే బిల్లు) ఏమేం రాశారో పెట్టు. 11,600 చొప్పున 15.60 క్వింటాళ్లకు 1,80,960 రావాలి. నువ్వు చెప్పినదానికీ దీనికీ 15,787 తేడా. అది కాయ నాణ్యత కాదు, కోతలు.

తోటబాట
తూకం 15.03 అని ఉంది. కమీషన్ 5,230. హమాలీ, దడ్వాయి (తూకం వేసేటోళ్లు), చాట (చాటతో సరుకు ఎత్తేటోళ్లు) అన్నీ కలిపి 1,330. ఇంకోటి 2,615, దాని పక్కన ‘క్యా.క’ అని రాశారు. అదేందో అడగలే.

బిల్లుందా
అదే అడగాల్సింది. ‘క్యాష్ కటింగ్’. వారం, పది రోజులు ఆగకుండా అప్పటికప్పుడు డబ్బు తీసుకున్నందుకు నూటికి రూపాయిన్నర కోశారు. ఏ రూల్‌లోనూ లేనిది. ఇప్పుడు ఒక్కొక్కటీ చూడు.

తూకం: 15.60 కాస్తా 15.03 అయింది. 57 కిలోలు. 38 బస్తాలకు పంచితే బస్తాకు సరిగ్గా కిలోన్నర ‘తరుగు’. దాని విలువ 6,612. నీ బిల్లులో అన్నిటికంటే పెద్ద కోత ఇదే, కానీ రూపాయల గడిలో ఎక్కడా కనపడదు. అందుకే ఎవరూ అడగరు.

కమీషన్: 1,74,348 మీద 5,230 అంటే 3 శాతం. మీ మార్కెట్‌లో మిర్చికి ఎంత శాతం తీసుకోవచ్చో కమిటీ ఆఫీసులో అడిగితే చెప్తారు, చాలా చోట్ల బోర్డు మీదే రాసి ఉంటుంది. దానికంటే ఎక్కువ రాస్తే ఆ తక్‌పట్టీయే నీ సాక్ష్యం.

మార్కెట్ ఫీజు 1 శాతం ఖరీదుదారే కట్టాలి. అది నీ బిల్లులో లేదు, సంతోషం.

మొత్తం మీద జెండా 14,200, బిల్లు 11,600, ఇంటి తూకం మీద చేతికి పడ్డది క్వింటాలుకు 10,588.

ఘాటుమాట
చివరి అంకె చూశాక మంచినీళ్లు తాగిన.

కాంటాకన్ను
తరుగు మీద ఒక మాట. గోనె బరువు తీయడం న్యాయమే, సరుకుతో పాటు గోనెకు డబ్బివ్వమని ఎవరూ అడగరు. గొడవంతా ఎంత తీస్తారు అన్నదాని మీదే. ఖాళీ గోనె ఒకటి కాంటా మీద పెట్టించు, ఎంత చూపిస్తే అంత తీయమను. కిలో కూడా రాని గోనెకు కిలోన్నర, రెండు కిలోలు తీస్తుంటారు. సగం కిలో ఎక్కువ తీసినా 40 బస్తాలకు 20 కిలోలు.

ఎలక్ట్రానిక్ కాంటా అయితే బస్తా పెట్టేముందు సున్నా చూపిస్తోందా లేదా చూడు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఏ ఏడాదిదో చూడు. మచ్చు కోసం తీసిన కాయలు తిరిగి రాశిలోకి రావు. పది మంది ఖరీదుదార్లు తలో గుప్పెడు తీస్తే అదీ కిలోల్లోకి పోతుంది. చాట కింద రాలిన కాయ మళ్లీ బస్తాలోకి ఎక్కేదాకా అక్కడే నిలబడు, చాయ్‌కి పోకు.

దుమ్ముగూడెం
హమాలీ వాళ్లని ఇందులో కలపకండన్నా. నడుం విరిగేది వాళ్లకే. 38 బస్తాలకు 1,330 అంటే బస్తాకు 35, అందులో దడ్వాయి, చాట కూలీ కూడా ఉన్నాయి.

బిల్లుందా
వాళ్లను ఎవరూ అనలేదు. ఆ 1,330 పక్కన 6,612 పెట్టి చూడమన్నా, అంతే.

కల్లంకాపలా
ఇక కాయ. తోటబాట, ఖరీదుదారు నీ బస్తా దగ్గర ఏం చేశాడో గుర్తుందా? చేయి లోపలిదాకా పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసి ఉంటాడు, పై కాయ చూడడు. పిడికిట్లో నొక్కుతాడు. తోలులాగా వంగి మళ్లీ లేస్తే తేమ సరిగా ఉన్నట్టు. ముద్దలా అణిగి ఉండిపోతే పచ్చి. పటుక్కున విరిగితే అతిగా ఎండింది. చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలి. 10, 11 శాతం తేమ దగ్గర ఇవన్నీ కుదురుతాయి. తర్వాత గుప్పెడు విప్పి తాలు (తెల్లబారిన కాయలు) ఎన్ని, తొడిమ ఊడినవి ఎన్ని, వేరే రకం ఎన్ని అని చూస్తాడు. ఇదంతా అర నిమిషం పని. నువ్వు ఆరు నెలలు పడ్డ కష్టం వాడికి ఆ గుప్పెట్లో కనపడాలి.

నీ దాంట్లో తాలు ఎంత?

తోటబాట
నూటికి ఎనిమిదో పదో ఉంటుంది. ఏరించలే. కూలీ గిట్టదని.

మిర్చిలెక్క
గిట్టుబాటు ఎప్పుడో లెక్క వేసి చూద్దాం. 10 క్వింటాళ్లు, అందులో తాలు ఒక క్వింటాలు. కలిపి అమ్మితే 11,000 చొప్పున 1,10,000. ఏరితే 9 క్వింటాళ్లు 13,000 చొప్పున 1,17,000, తాలు ఒక క్వింటాలు 5,500. మొత్తం 1,22,500. ఏరడానికి 15 మంది కూలీలు, 400 చొప్పున 6,000. మిగిలేది 6,500.

కానీ ఏరినదానికీ ఏరనిదానికీ తేడా రెండు వేలు ఉంటేనే ఇది. మార్కెట్ పడిపోయినప్పుడు ఆ తేడా కూడా ఏడెనిమిది వందలకు కుంచించుకుపోతుంది. అప్పుడు 9 క్వింటాళ్లకు 11,800 వేస్తే 1,06,200, తాలు 5,500, కలిపి 1,11,700. కూలీ పోతే 1,05,700. ఏరి నష్టపోయినట్టు. కాబట్టి ముందు ఒక బస్తా ఏరించి, ఏరని బస్తాతో పాటు మచ్చు పంపి రెండు రేట్లు అడిగించుకోవాలి. అప్పుడు మిగతాది ఏరాలా వద్దా అన్నది తేలుతుంది.

లాంపక్కన
లెక్క బాగానే ఉంది గానీ తాలు పుట్టకుండా చూసుకుంటే ఏరే పనే తగ్గుతుంది. దోరకాయ కోసి ఎర్రటి ఎండలో పరిస్తే తెల్లమచ్చ వస్తుంది. పూర్తిగా పండాకే కొయ్యాలి. కోసిన కాయను ఒకటి రెండు రోజులు నీడలో కుప్ప పోస్తే రంగు సమంగా తిరుగుతుంది. తర్వాత పట్టా మీద రెండు మూడు అంగుళాల మందం మించకుండా పరిచి, పగలు నాలుగైదు సార్లు తిరగేసి, సాయంత్రం కుప్ప చేసి కప్పాలి. మంచు పడితే రంగు పోతుంది. మట్టి నేల మీద పోస్తే బూజు. నాలుగు కిలోల పండు కాయకు కిలో ఎండు వస్తుందని మోటు లెక్క. అంతకంటే బాగా ఎక్కువ వచ్చిందంటే సంబరపడకండి, కాయ ఇంకా ఎండలేదని అర్థం.

కాయకుళ్లు వల్ల వచ్చే తాలు వేరే. దాన్ని తోటలోనే ఆపాలి, కల్లంలో ఎవడూ ఆపలేడు.

ఎండుటాకు
అతిగా ఎండితే బస్తాలో తొక్కేటప్పుడు విరుగుతుంది కదా. మా దగ్గర తెల్లారుజామున కాస్త నీళ్లు చిలకరించి తొక్కుతరు. బరువూ నిలుస్తది.

లాంపక్కన
అదే వద్దనేది. ఆ తడి బస్తా మధ్యలో ఉండిపోతుంది. పది రోజులకు బస్తా నడిమధ్యలో బూజు. అఫ్లటాక్సిన్ అంటారే, బూజు విషం, అది పుట్టేది అక్కడే. యూరప్‌కు పోయే మిర్చిలో అది అన్నీ కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు, బి-1 ఒక్కటీ 5 దాటకూడదు. ఒక బస్తా తేడా వస్తే కంటైనర్ మొత్తం వెనక్కి. ఆ భయంతో ఎగుమతిదారు తడి అనుమానం వచ్చిన ప్రతి లాట్‌కూ ముందే రేటు కోసేస్తాడు. మీరు చిలకరించిన నీళ్ల ధర పక్కవాడు కూడా కడుతున్నాడు.

ఎండుటాకు
మరి విరిగిన కాయకు కోస్తే?

కల్లంకాపలా
పట్టాలు కప్పి రాత్రంతా కుప్పగా వదిలేయ్. కాయలో ఉన్న తేమ తనంతట తానే సర్దుకుని తెల్లారేసరికి మెత్తబడుతుంది. అప్పుడు తొక్కు. నీళ్లక్కర్లేదు.

నారుమడి
తోటబాట, ‘వేరే రకం’ అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. నీ తేజలో లావు కాయలు, పొడుగు కాయలు కలిశాయా?

తోటబాట
కలిసినయ్. గుప్పెడుకి ఐదారు. నర్సరీ నారు. తేజ అనే ఇచ్చిండ్రు.

నారుమడి
అనుకున్నా. మార్కెట్‌లో ‘తేజ’ అంటే ఇప్పుడు విత్తనం పేరు కాదు, కాయ వాలకం పేరు. సన్నగా, చిన్నగా, ఘాటు గట్టిగా ఉంటే తేజ. అసలు తేజ ఎస్-17. దానిలాంటి కాయ ఇచ్చే హైబ్రిడ్లు కంపెనీకొకటి, ఒక్కోదానికి ఒక్కో పేరు. వాటిని కొనేది ఘాటు కోసం, కారం సారం తీసే ఫ్యాక్టరీలకూ ఎగుమతికీ. బ్యాడగి రకాన్ని కొనేది రంగు కోసం, ఘాటు తక్కువైనా పర్వాలేదు. వరంగల్ చపాటా కూడా అంతే, రంగు సరుకు, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటప్పుడు ఘాటు సరుకులో తక్కువ ఘాటు లావు కాయ కలిస్తే ఫ్యాక్టరీ వాడికి అది చెత్త కింద లెక్క. గుప్పెడుకి ఐదారు అంటే నీ రేటులో చాలా భాగం అక్కడే పోయింది.

నారు కొనేటప్పుడు బిల్లు మీద మూడు రాయించాలి: కంపెనీ, రకం, విత్తనం లాట్ నంబర్. ‘మిర్చి నారు, 12,000 మొక్కలు’ అని రాసిస్తే అది కూరగాయల చీటీ. నర్సరీకి రిజిస్ట్రేషన్ ఉందా అడగాలి. వాళ్లు ట్రేలో పోసిన ప్యాకెట్ల ఫొటో అడిగితే ఇబ్బంది పడరు. పడ్డారంటే పక్క నర్సరీకి పో.

ఘాటుమాట
మా ఊళ్లో ఒకాయన నిరుటి హైబ్రిడ్ పండ్ల నుంచి గింజ తీసి ‘సొంత తేజ’ అని అమ్మిండు. తోటలో బెండకాయ ఒక్కటే రాలేదు.

నారుమడి
హైబ్రిడ్ గింజ దాస్తే రెండో తరంలో తాత ముత్తాతలందరూ బయటికొస్తారు మరి. దాచుకోవాలంటే సూటి రకమే (హైబ్రిడ్ కానిది) దాచాలి. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం వాళ్ల ఎల్‌సీఏ-334 లాంటిది. అది కూడా పక్క తోట పుప్పొడి తగలకుండా ఎడంగా వేసి, తేడా మొక్కలు పీకేస్తూ పోతేనే.

పత్తిమానేసినోడు
విత్తనం ప్యాకెట్ మీద ఏం చూడాలో కూడా చెప్పండి. అందరూ బొమ్మ చూసే కొంటున్నారు.

నారుమడి
లాట్ నంబర్, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుంది, మొలక శాతం, భౌతిక శుద్ధత, జన్యు శుద్ధత. ధ్రువీకరణ విత్తనానికి నీలం ట్యాగు. కంపెనీ తనే పూచీ పడి అమ్మేదానికి లేత ఆకుపచ్చ లేబుల్. మిర్చి హైబ్రిడ్లు దాదాపు అన్నీ ఆకుపచ్చవే, అంటే ధ్రువీకరణ సంస్థ పొలం చూడలేదు, మాట కంపెనీది. అది తప్పు కాదు, కానీ మాట తప్పితే పట్టుకోవాల్సింది కూడా వాళ్లనే.

మిర్చికి కనీస మొలక 60 శాతం. వరికి 80, మొక్కజొన్నకు 90, పత్తి హైబ్రిడ్‌కు 75. ‘మిర్చి వందకు వంద మొలవలేదు’ అని షాపు మీదికి పోతే నిలవదు. వంద గింజలు తడి కాగితంలో చుట్టి పెట్టు, ఏడో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఇంకోసారి లెక్కపెట్టు. 60 దాటకపోతే అప్పుడు మాట్లాడొచ్చు.

పత్తిమానేసినోడు
పత్తిలో అయితే విత్తనం ధర కూడా కేంద్రమే నిర్ణయిస్తుంది. బీజీ-2 (బీటీ పత్తి) ప్యాకెట్ 2024లో 864, 2025లో 901. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా నేరం. మిర్చి విత్తనానికి అలాంటి పరిమితి లేదు. కొరత ఉందనే పుకారు లేస్తే చాలు, అదే పది గ్రాముల ప్యాకెట్ మర్నాడు ఇంకో రేటు. బిల్లు అడిగితే ‘స్టాక్ లేదు’.

తోటబాట
ఇప్పుడు నారు మీద ఫిర్యాదు చేస్తే లాభమా?

బిల్లుందా
పంట అమ్మేశాక కష్టం. కాయ చెట్టు మీద ఉన్నప్పుడే మండల ఉద్యాన అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి. శాస్త్రవేత్తలు తోటకొచ్చి వరసలు లెక్కపెట్టి ‘నూటికి ఇన్ని మొక్కలు వేరే రకం’ అని రాసిస్తే అదే కేసుకు ప్రాణం.

ఒకటి గుర్తుపెట్టుకో. విత్తన నష్టం మీద వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. ‘రైతు వినియోగదారుడు కాడు’ అని కంపెనీ లాయర్లు వాదించేవాళ్లు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. అది మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసే. ‘పరీక్షకు గింజ ఎందుకు దాచలేదు’ అన్నదానికీ జవాబిచ్చింది: విత్తనం కొన్నవాడు మొత్తం చల్లుకుంటాడు గానీ కేసు కోసం దాచుకుంటాడా అని. అయినా నేను చెప్పేది, ఖాళీ ప్యాకెట్, బిల్లు, పది గింజలు ఒక కవర్లో వేసి దూలానికి కట్టు.

గోదాంగోపి
ఇంత తక్కువకు అమ్మే బదులు ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టాల్సింది కదా. ఏసీ సరుకు రేటే వేరు.

మిర్చిలెక్క
మళ్లీ లెక్క. ఇవ్వాళ 12,000 రేటు. ఆరు నెలలు ఆపితే, నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు ఉన్నవాడికి 1,440. అద్దె బస్తాకు 200 అనుకో, క్వింటాలుకు రెండున్నర బస్తాలు, 500. ఎత్తుడు దించుడు, బండి 150. అంటే 14,090 వస్తే నువ్వు ఇవాళ ఉన్నచోటే ఉన్నట్టు. అంతకు మించితేనే లాభం. వచ్చే కొత్త పంట విస్తీర్ణం పెరిగిందని తెలిస్తే ఏసీ సరుకంతా ఒక్కసారి బయటికొస్తుంది, అప్పుడు ఆ 14,090 కూడా రాదు.

గోదాంగోపి
వడ్డీకి తెచ్చినవాడి లెక్క అది. గోదాం డబ్ల్యూడీఆర్‌ఏ (గోదాములను నియంత్రించే కేంద్ర సంస్థ) దగ్గర రిజిస్టర్ అయినదైతే ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారు, దాని మీద బ్యాంకు అప్పు దొరుకుతుంది, రెండు రూపాయల వడ్డీ ఉండదు. ఇంకోటి, పెట్టేముందు బీమా ఎవరి పేరున ఉందో చదవాలి. తీసేరోజు బస్తాలు వెంటనే కోయకూడదు. చల్లటి కాయకు బయటి గాలి తగిలి చెమట పడుతుంది. ఒక పూట నీడలో ఉంచి కోయాలి.

దుమ్ముగూడెం
మీరంతా రేటు చూసి అమ్ముకునేవాళ్ల సంగతి చెప్తున్నరు. మందుల డబ్బు అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దగ్గర తెచ్చినోడు సరుకు ఆయన అడ్తికే తోలాలి. ఆయన పిలిచిన ఖరీదుదారుకే ఇయ్యాలి. తక్‌పట్టీలోనే అసలు, వడ్డీ కోసి మిగిలింది ఇస్తరు. ఈనామ్‌లో (కేంద్రం ఆన్‌లైన్ మార్కెట్) నచ్చకపోతే వద్దనొచ్చు అంటరు. ఎవడు వద్దంటడు?

కాంటాకన్ను
నిజం. ఈనామ్‌లో గేటు దగ్గర లాట్ నంబర్ ఇస్తారు, ఎవరెంత వేశారో సిస్టమ్‌లో ఉంటుంది, పై ధర నచ్చకపోతే తిరస్కరించే హక్కు రైతుదే. కానీ వద్దంటే మళ్లీ ఎత్తుడు కూలీ, రాత్రి కాపలా, వాన భయం. హక్కు ఉంది, దాన్ని వాడటానికి బస్తాకు యాభై ఖర్చు.

ఎండుటాకు
మిర్చికి మద్దతు ధర పెడితే ఇవన్నీ పోవా?

మిర్చిలెక్క
మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మిర్చి లేదు. బాగా పడిపోయిన ఏడాది మార్కెట్ జోక్య పథకం అని విడిగా తెస్తారు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి అలా క్వింటాలుకు 11,781 లెక్క కట్టారు, 2.91 లక్షల టన్నుల వరకు. ఆంధ్రకే. అలాంటిది వచ్చినప్పుడు లాట్ నంబర్, తక్‌పట్టీ, బ్యాంకు ఖాతా మూడూ ఒకే పేరు మీద లేకపోతే వరసలో నిలబడ్డా లాభం లేదు. తెల్ల చిట్టీ (బిల్లు కాని ఉత్త కాగితం) మీద అమ్మినవాడు అసలు అమ్మినట్టే లెక్క కాదు.

తోటబాట
రెండో కోత ఇంకా కల్లంలో ఉంది, 20 బస్తాల దాకా వస్తది. లావు కాయ ఏరిస్తున్న. ఏ రోజు తోలాలి?

కల్లంకాపలా
సోమవారం వద్దు. రెండు రోజుల సెలవు సరుకంతా ఆ రోజే దిగుతుంది, ఖరీదుదారుకు తొందర ఉండదు. మంగళ, బుధ చూసుకో. ముందు రోజు మచ్చు పంపు. ఒక ఖాళీ గోనె చంకలో పెట్టుకుని పో.

తోటబాట
గోనె ఎందుకన్నా?

కాంటాకన్ను
నా పోస్టు చదవలేదన్నమాట.